పేరా కింద ఖాళీ

బొత్తాం నువ్వుగింజంత పక్కకి జరిగినా టీచరమ్మకి తిన్నది అరగదు. పదిమందికి కుట్టుపని నేర్పిన చెయ్యి. ఆ చేత్తోనే తన నవలలోంచి పన్నెండు పేజీలు కోసి పారేసింది.

నవలల పోటీవాళ్ల షరతు నూరు పేజీలు దాటకూడదని. అక్షరం ఎంత ఉండాలో, వరసకీ వరసకీ ఎంత ఎడం ఉండాలో కూడా వాళ్లే చెప్పారు. అన్నీ చెప్పినట్టే పెట్టినా నూట పన్నెండు వచ్చింది. వారం రోజులు కంప్యూటరు ముందు కిందా మీదా పడి, గడువు రోజు మధ్యాహ్నం భర్తని పిలిచింది. ఆయన ముప్పై ఏళ్లు ప్రెస్సులో పేజీలు కట్టిన మనిషి. గోడమీది పోస్టరులో వెంట్రుకవాసి తేడా ఉన్నా రోడ్డు అవతలి నుంచే పట్టేస్తాడు.

ఆయన కళ్లజోడు పెట్టుకుని తెరని పైనుంచి కిందిదాకా చూశాడు.

"సెట్టింగులన్నీ బానే ఉన్నాయి. నువ్వు రాసిందే ఎక్కువైంది."

"ఏం తియ్యమంటారు?"

"అత్తగారి అధ్యాయం తీసెయ్. అది లేకపోయినా కథ నడుస్తుంది."

అసలు ఆ అధ్యాయం కోసమే ఆవిడ నవల మొదలుపెట్టింది. కాపురానికొచ్చిన కొత్తలో అత్తగారు కుట్టుమిషనుకి తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుని తిరిగిన రెండేళ్లూ అందులోనే ఉన్నాయి. అయినా సాయంత్రం ఐదుకి గడువు. కళ్లు తుడుచుకుని తీసేసింది, నవల పంపేసింది.

మర్నాడు చెల్లెలి కూతురు వచ్చింది. ఏదో ఆఫీసులో రిపోర్టులు టైపు చేస్తుంది. పన్నెండు పేజీలు కోసిన సంగతి విని, నవల చదువుతానని ఫైలు తెరిచి, రెండో పేజీలోనే ఆగింది.

"పెద్దమ్మా, ప్రతి పేరా కిందా ఈ ఖాళీ నువ్వు పెట్టావా?"

"నేనెందుకు పెడతానే? కొత్త ఫైలు తెరిస్తే అలాగే వస్తుంది."

"సాఫ్ట్‌వేర్ దానంతటదే పెడుతుంది, మనం తీసెయ్యాలి. నీ నవల నిండా మాటలే కదా, మాటకో పేరా, పేరాకో ఖాళీ. పేజీలు పెరగవూ మరి? కొయ్యకముందటి ఫైలుందా?"

ఉంది. ఆ పిల్ల దాన్ని తెరిచి, మొత్తం ఎంచుకుని, పేరా కింద ఖాళీని సున్నా చేసింది. నూట పన్నెండు కాస్తా తొంభై ఎనిమిదయింది. అత్తగారూ, మిషనూ, తాళంచెవీ అన్నీ లోపలే ఉన్నాయి.

"పెదనాన్నకి చూపించలేదా? ఆయనకి చూడగానే తెలిసిపోతుందే."

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. టీచరమ్మకి ఒళ్లు మండింది. లేచి ముందుగదిలోకి వెళ్లింది. ఆయన పేపరు చదువుకుంటున్నాడు.

"పేరాల కింద ఖాళీ మీకు కనపడలేదా?"

ఆయన పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"కనపడింది. పోయిన మా అమ్మని ఊరందరి ముందూ నిలబెట్టడం నాకిష్టం లేదు."

"ఆ మాటే చెప్పుంటే మీతో పోట్లాడేదాన్ని."

"అందుకే చెప్పలేదు."

ఆవిడ గుమ్మం పట్టుకుని నిలబడింది.

"మీ అమ్మే నయం," అంది. "ఆవిడ నా కళ్లముందే తాళం వేసింది."