కచ్చాకుట్టు

ఊరు ఎదగాలని నిర్ణయించుకున్న రోజు అది చేసిన మొట్టమొదటి పని కటింగ్ మాస్టారి బల్లని మురిక్కాలవలోకి తన్నడం.

తన్నింది ఊరంతా కలిసి కాదు లెండి, మునిసిపాలిటీ జవాన్లు. బల్ల రోడ్డు మీదికి జానెడు జరిగి ఉందట. అది నాలుగు కాళ్ళూ పైకెత్తి కాలవలో పడింది. దాని మీద పరిచిన గుడ్డ, ఏ పిల్లవాడి నిక్కరో కావలసింది, మురికినీళ్ళ మీద ఓడలా తేలుకుంటూ పోయింది. మాస్టారు చేతిలో కత్తెరతో అలాగే నిలబడిపోయాడు. దర్జీల సందు మొత్తం గుమ్మాల్లోకి వచ్చి చూసింది. ఒక్కరూ నోరెత్తలేదు. నోళ్ళలో గుండుసూదులు ఉండబట్టి మాట్లాడలేకపోయామని తర్వాత అందరూ చెప్పుకున్నారు. నమ్మకండి. భయం.

కాజాల అక్క నోట్లో సూది కూడా లేదు. అందుకే ఆమెకి అందరికంటే ఎక్కువ సిగ్గేసింది.

చొక్కాల గుండీలకి కాజాలు కుట్టడం ఆమె పని. ఊళ్ళో ఏ మగాడి గుండె మీద చూసినా ఈవిడ చేతి పనే ఉంటుందని సందులో వాళ్ళు ఏడిపించేవారు. మొగుడు పోయాక ఆమెకి మిగిలింది ఒకే ఒక్క గది. ముందు సగంలో మిషను, వెనక సగంలో పొయ్యి, మధ్యలో పాత దుప్పటి. ఆ గదిలోనే తమ్ముణ్ణి పెంచింది, చదివించింది, మునిసిపల్ కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరు అయ్యేదాకా లాక్కొచ్చింది.

ఇక ఆ ఊరి సంగతి. కండక్టరు టికెట్టు చింపేలోపు బస్సు దాటిపోయేంత ఊరది. అలాంటి ఊరికి చైర్మన్ పెళ్ళిచూపులు పెట్టాడు. పెద్ద బట్టల కంపెనీ వాళ్ళు వస్తారు, ఊరు నచ్చితే ఫ్యాక్టరీ పెడతారు. దానికి ఒక అభివృద్ధి ప్లాను. ఆ ప్లాను ప్రకారం దర్జీల సందు ఉన్నచోట ఫ్యాక్టరీకి లారీల రోడ్డు, దాని పక్కన పార్కు పడతాయి. కంపెనీ వాళ్ళ కోసం పెట్టే సభ అయిన మర్నాడే సందు ఖాళీ చెయ్యాలి. ఎక్కడికి వెళ్ళాలో ప్లానులో లేదు. ఈలోపు వచ్చేవాళ్ళ కంట సందు పడకూడదు. దానికి తెర కట్టాలి.

ఆ తెర గుడ్డల మూటలు తోపుడుబండి మీద వేసుకుని స్వయంగా తమ్ముడే వచ్చాడు.

"అక్కా, పని తెచ్చాను. ముక్కలన్నీ కలిపి కుట్టి, పైన పట్టీ వెయ్యాలి. సందంతా కలిసి చేస్తే అయిపోద్ది."

"ఏం బొమ్మరా ఇది?"

"మన ఊరే. అభివృద్ధి అయ్యాక."

మూటలు విప్పారు. గుడ్డ మీద అచ్చేసిన ఊరు, ముక్కలు ముక్కలుగా. సందులో ఆడవాళ్ళు నేల మీద పరిచి అతకడం మొదలుపెట్టారు.

"ఒసేయ్, ఈ నవ్వే పిల్ల మూతి నీ దగ్గరుంది, పళ్ళు నా దగ్గరున్నాయి. ఇటు పడెయ్."

"సగం కారు దొరికింది. మిగతా సగం ఎవరెత్తుకుపోయారే?"

"మా ఆయనేమో! ఎప్పటినుంచో కారు కొంటానంటున్నాడు."

కాజాల అక్క మాత్రం గుడ్డ మీద మోకాళ్ళతో పాకుతూ ఏదో వెతుకుతోంది. గడియార స్తంభం దొరికింది. దాని పక్క మలుపు దొరికింది. ఆ మలుపులో తన గది ఉండాలి. అక్కడ ఫౌంటెన్ ఉంది.

"ఒరేయ్ తమ్ముడూ, మా కుళాయిలో చుక్క రాదు. మా నెత్తిన మాత్రం ఫౌంటెన్ లేస్తోందేమిట్రా?"

తమ్ముడు తల దించుకున్నాడు. "ఊరు పెరగాలి కదక్కా. కంపెనీ వస్తే నా ఉద్యోగం పర్మనెంటవుద్ది. నిన్ను నేను చూసుకుంటాగా?"

"నన్ను చూసుకుంటావు. వీళ్ళందర్నీ?"

దానికి జవాబు చెప్పగలిగితే వాడు సూపర్‌వైజరు ఎందుకవుతాడు, చైర్మనే అయ్యేవాడు.

ఆ మధ్యాహ్నం మిషన్లన్నీ ఆగాయి. సందు మధ్యలో, పరిచిన గుడ్డ మీదే మీటింగు. ఊరు ఎదిగాక పెద్ద మేడ లేవబోయేచోట మాస్టారు చతికిలపడ్డాడు.

"మన చేతులతో మన గోరీ కుట్టుకుంటామా? మూటలు వాడి మొహాన కొట్టండి," అన్నాడు ప్యాంట్లు కుట్టే ఒకతను.

"కొట్టు. పట్నం నుంచి తెప్పించి కుట్టిస్తారు. తెర ఎలాగూ లేస్తుంది," అంది లంగాలు కుట్టే ముసలావిడ.

"కలెక్టరుకి అర్జీ పెడదాం."

"పోయినసారి పెట్టిన అర్జీకి ఇంకా పొద్దు పొడవలేదు బాబూ."

అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. మిషన్లు ఆపినా చప్పుడు ఆగలేదన్నమాట. కాజాల అక్క లేచి నిలబడింది.

"కుడదాం," అంది. "కచ్చాకుట్టు వేద్దాం."

కచ్చాకుట్టంటే దర్జీకి చెప్పాలా? దారం వదులుగా, దూరం దూరంగా వేసే కుట్టు. కోటు సరిపోయిందో లేదో చూడ్డానికి ఒకసారి తొడిగేటప్పుడు వేస్తారు. ఒక కొస పట్టుకుని లాగితే మొత్తం ఊడి చేతిలోకి వస్తుంది.

"ముక్కకి ముక్కనీ, పైన పట్టీకి గుడ్డనీ కచ్చాగానే తగిలిద్దాం. సభలో వాళ్ళ నోటితో వాళ్ళు చెప్పనీ, ఇక్కడెవరూ లేరని. అప్పుడు లాగుదాం. ఉన్నామని చూపిద్దాం."

"కుదర్దు!" మాస్టారు కర్రలా నిటారుగా లేచాడు. "నా చేతిలోంచి వదులు కుట్టు బయటికి పోలేదు, పోదు. గుడ్డ ఎవడిదైనా కానీ, కుట్టు నాది. ఊడిపోయే పని చేసి పనివాణ్ణని చెప్పుకుంటామా?"

చాలామంది తలలూపారు. సందులో మాస్టారి దగ్గర పని నేర్చుకోనివాళ్ళు లేరు.

"మాస్టారూ," అంది కాజాల అక్క నెమ్మదిగా, "పక్కాకుట్టు ఎప్పుడు వెయ్యమని నేర్పారు మాకు?"

"ట్రయలు చూశాక."

"ఎవరు చెప్పాక?"

"తొడుక్కున్నవాడు చెప్పాక. చంకలో పట్టేస్తోందా, మెడ బిగుస్తోందా, వాడు చెప్పాలి."

"మరి ఈ ప్లాను ఎవరికి తొడిగి చూశారు? మీ మెడకి టేపు పెట్టారా? నా గది కొలిచారా? కొలతలే తియ్యకుండా కత్తెరేశారు. ట్రయలు కాని గుడ్డకి పక్కాకుట్టు వేస్తే, పనితనం అవుద్దా అది?"

మాస్టారు దారం ఎక్కించమని తన సూది ఆమెకి అందించాడు. ఆ ముసలి కళ్ళకి సూది బెజ్జం కనబడక చాలా కాలమైంది.

ఆ సాయంత్రానికి సందులో ఒక్కరు కూడా భయం గురించి మాట్లాడలేదు. పోయిందని కాదు, పనిలో పడ్డారు.

సభ రోజున తెర ఎంత బాగా లేచిందంటే కాకులు వచ్చి అందులోని చెట్ల మీద వాలబోయి జారిపడ్డాయని ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఎదురుగా మైదానంలో షామియానా వేశారు. వేదిక మీద చైర్మన్, ఎస్సై, సూటు వేసుకున్న కంపెనీ ఆయన. మైదానం నిండా జనం. ఉద్యోగాలు దొరుకుతాయని వచ్చిన కాలేజీ కుర్రాళ్ళు, మార్కెట్ హమాలీలు, బస్టాండు వాళ్ళు. తెర వెనక సందంతా మిషన్లు గుమ్మాల బయటికి లాగి, కచ్చా దారాల కొసలు చేతుల్లో పట్టుకుని కూర్చుంది.

చైర్మన్ మైకులో కరిగిపోతున్నాడు. "మీరు అడిగినంత నేల ఇస్తాం. అడ్డు చెప్పేవాళ్ళు లేరు. ఆ తెర వెనక ఉన్నదంతా ఖాళీ స్థలమే!"

"ఖాళీ" అన్న మాట మైకులోంచి ఇంకా పూర్తిగా బయటికి రాలేదు. కాజాల అక్క దారం లాగింది, ఆమె వెంటే సందంతా లాగింది.

టపటపా ఊడింది ఊరు. మేడలు కుప్పకూలాయి, చెట్లు చుట్టుకుపోయాయి, సగం కారు కాలవలో పడింది. జనం హోరెత్తారు. కానీ సరిగ్గా మధ్యలో ఒక్క ముక్క మాత్రం కదల్లేదు. నవ్వే పిల్ల మొహం పళ్ళన్నీ బయటపెట్టుకుని గాల్లో వేలాడుతూ ఉండిపోయింది.

"గాలి! గాలికి ఊడింది, అంతే!" అని చైర్మన్ మైకులో అరిచాడు. జనంలో కొందరు నవ్వారు. ఆ నవ్వు సందు మీదికి తిరిగేలా ఉంది.

కాజాల అక్క ఆ ముక్క దారం పట్టుకుని ఇంకా గట్టిగా లాగింది. దారం తెగింది. ఆ ముక్క మాస్టారు కుట్టినది.

మాస్టారి మొహం పాలిపోయింది. "కచ్చాగా వేద్దామనే కూర్చున్నానమ్మాయ్," అన్నాడు. "ఈ చెయ్యి మాట వినలేదు."

ఆమె ఏమైనా అనేలోపే ఆయన లేచాడు. పెద్ద కత్తెర పట్టుకుని, స్టూలు ఈడ్చుకుంటూ వెళ్ళి, మైదానం అంతా చూస్తుండగా దాని మీదికి ఎక్కాడు. పుట్టి బుద్ధెరిగాక తను వేసిన కుట్టుని తనే కొయ్యడం అదే మొదటిసారి. కరకరమని ఆ చివరి నుంచి ఈ చివరికి కోశాడు. నవ్వే మొహం నేల మీద పడింది.

దాని వెనక దర్జీల సందు ఉంది. గుమ్మాలు, మిషన్లు, మనుషులు. అందరూ ఒక్కసారిగా మిషన్లు తొక్కడం మొదలుపెట్టారు. ఆ చప్పుడులో మైకు మునిగిపోయింది.

"కొలతలు తియ్యకుండా కత్తెర పెట్టొద్దు!" అని కాజాల అక్క అరిచింది. సందు అందుకుంది. మైదానంలో హమాలీలు అందుకున్నారు, వాళ్ళకి టేపు ముఖం తెలియకపోయినా.

కంపెనీ ఆయన రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని కారెక్కాడు. ఎస్సై పరుగున వచ్చి మాస్టారి కాలరు పట్టుకున్నాడు. ఆ ఎస్సై తొడుక్కున్న యూనిఫారానికి కాలరు కుట్టింది మాస్టారే. కేసు ఏమిటంటే, మారణాయుధంతో ప్రభుత్వ సభలోకి రావడం. కత్తెర సాక్ష్యంగా జీపెక్కింది, దాని వెనక మాస్టారు.

అప్పుడు చూడాలి సందుని. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. తోపుడుబండ్ల మీద మిషన్లెక్కాయి. చేతి మిషన్లు నెత్తి మీదికి ఎక్కాయి. స్టేషను ముందు రోడ్డు మీద వరసగా దించి, కూర్చుని తొక్కడం, తిప్పడం మొదలుపెట్టారు. హమాలీలు వచ్చి పక్కన కూర్చున్నారు.

కాలేజీ కుర్రాళ్ళు మాత్రం కోపంగా వచ్చారు. వాళ్ళ ముందు తమ్ముడు.

"కంపెనీ పోయిందక్కా! నా పర్మనెంటు పోయింది. వీళ్ళ ఉద్యోగాలు పోయాయి. ఊరు ఎదగొద్దా? జీవితమంతా మురిక్కాలవ పక్కనే బతకాలా?"

"కంపెనీ వద్దని నేనన్నానా?" కాజాల అక్క మిషను ఆపకుండానే అంది. "రానీ. మనతో మాట్లాడి రానీ. మా గదులు పోతే గదులు చూపించి రానీ. ఎంతమందికి పనిస్తుందో, ఏ కూలీకి ఇస్తుందో మన ముందు చెప్పి రానీ. తెర వెనక మమ్మల్ని దాచినవాడు, రేపు మిమ్మల్ని ఏ తెర వెనక దాస్తాడో అడిగారా ఎవరైనా?"

కుర్రాళ్ళు మొహాలు చూసుకున్నారు.

"నిన్ను ఈ మిషను మీదే పెంచాన్రా," అంది తమ్ముడితో. "నువ్వు ఎదగొద్దని నేనంటానా?"

ఒక కుర్రాడు చెప్పులు విప్పి హమాలీల పక్కన కూర్చున్నాడు. తర్వాత ఇంకొకడు. తమ్ముడు నిలబడే ఉన్నాడు.

లోపల ఎస్సై మెత్తబడ్డాడు. "పెద్దవాడివి, ఇంటికి పో మాస్టారూ," అన్నాడు.

"నేను కోసింది నా కుట్టు. అందులో నేరమేమిటో చెప్పు, అప్పుడు కదుల్తా," అని మాస్టారు బెంచీ మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని అన్న మాట కిటికీలోంచి రోడ్డు మీదికి వినిపించింది. రోడ్డు ఘొల్లుమంది.

అంతలో చైర్మన్ జీపు వచ్చింది. మిషన్లకి ఎదురుగా ఆగి హారన్ కొట్టింది. ఎవరూ లేవలేదు. మళ్ళీ కొట్టింది. జీపు కిటికీలోంచి ఒక చెయ్యి బయటికి వచ్చి తమ్ముణ్ణి పిలిచింది. వాడు వెళ్ళి, విని, తిరిగి వచ్చాడు.

"అక్కా, దారి ఇమ్మంటున్నారు. స్టేషను గుమ్మం దాకా ఆయన జీపులోనే రావాలంట."

కాజాల అక్క దారం పంటితో కొరికింది.

"దిగి రమ్మను."

వాడు అక్క వైపు చూశాడు, జీపు వైపు చూశాడు. మెళ్ళో వేలాడుతున్న సూపర్‌వైజరు కార్డుని చొక్కా లోపలికి తోసుకున్నాడు. అక్కడినుంచే, గొంతు చిరిగేలా కేకేశాడు.

"దిగి రావాలి!"

కుర్రాళ్ళు లేచారు. హమాలీలు లేచారు. లంగాలు కుట్టే ముసలావిడ కూడా మోకాళ్ళు పట్టుకుని లేచింది.

"దిగి రావాలి! చైర్మన్ దిగి రావాలి!"

హారన్ మోగుతూనే ఉంది. ఎవరికీ వినబడలేదు.