ఆమె పాదం ఉంటేనే

పొగ వాసన.

దక్షిణాన అలబామా నుంచి ఉత్తరాన నెవార్క్ దాకా బస్సులో వచ్చినా, ఆ నీలం కోటును వదలని వాసన...

ఓర్డెల్లా టార్వర్ మేమున్న రికార్డింగ్ స్టూడియోలో అడుగుపెట్టగానే ఆ వాసన మాకు తెలిసిపోయింది. మా బృందంలో సాక్సఫోన్ వాయించే లూషియస్‌కు తల్లి ఆమె. పోయిన నెలే వాళ్ళ ఊరి చర్చిని తెల్లవాళ్ళు తగలబెట్టారు. నల్లవాళ్ళు ఓటు హక్కు కోసం అక్కడ కూడుతున్నారని. మంటల ముందు నిలబడి ఆమె పాడిందట. గోడలు కూలేదాకా పాడిందట.

ఆ పాటనే లూషియస్ జాజ్‌లోకి తెచ్చాడు.

జాజ్ అంటే సైతాను సంగీతమని ఏళ్ళ తరబడి కొడుకు వాయిద్యం వైపు చూడని తల్లి — "నా పాట నేను లేకుండా ఎలా వాయిస్తావో చూస్తా" అంటూ వచ్చి కుర్చీలో కూర్చుంది.

మొదలుపెట్టాం. పియానో మెల్లగా. బేస్ ఇంకా మెల్లగా. నేను డ్రమ్స్ మీద చెయ్యి వేసేలోపే —

దబ్.

ఆమె పాదం. చెక్క నేల మీద.

దబ్... దబ్...

రికార్డు కంపెనీ మనిషి కెల్సో పరుగున వచ్చాడు. తెల్లకుర్రాడు.

"ఓర్డెల్లా, కాలు ఆపు. రికార్డు పాడవుతోంది."

"మిసెస్ టార్వర్ అనాలి నాయనా. మీ అమ్మ వయసు నాది."

అతని చెవులు ఎర్రబడ్డాయి. ఆమె కాళ్ళకింద కంబళి వేయించాడు. ఆమె వంగి, దాన్ని పొందిగ్గా మడిచి, అతని చేతికిచ్చింది.

"ఇదేం చర్చి కాదు!"

"మాకిప్పుడు చర్చి ఎక్కడుంది? పాడినచోటే చర్చి."

కెల్సో లూషియస్ వైపు తిరిగాడు. "మీ అమ్మకు చెప్పు. లేదా సామాను సర్దుకోండి."

లూషియస్‌కు ఇదే మొదటి రికార్డు. దీనికోసం ఎన్ని గడపలు తొక్కాడో నాకు తెలుసు. అతను సాక్సఫోన్ మెడలోంచి తీసి పెట్టెలో పడుకోబెట్టాడు.

"ఆ పాదం ఉంటేనే నా ఊపిరి."

పియానో మూతపడింది. నేను డ్రమ్ పుల్లలు చంకలో పెట్టుకున్నాను.

కెల్సో ఖాళీ టేపు వైపు చూశాడు. మా వైపు చూశాడు.

"ఆ కాలితోనే వాయించి తగలడండి!"

"ఇప్పటికే తగలడ్డాం," అందామె. "ఇక వాయిస్తాం."

నేను డ్రమ్స్ ముట్టుకోలేదు. తాళం ఆమెదే. లూషియస్ ఊదాడు — కూలిన గోడలు ఒక్కొక్కటే లేచి నిలబడుతున్నట్టు... ఆమె కళ్ళు మూసుకోలేదు. కొడుకునే చూస్తూ, నేలను తొక్కుతూనే ఉంది.

అయ్యాక కెల్సో టేపు ఆపాడు. తర్వాత, పాటకు పేరేమిటని అడిగాడు.

"మా ఊరి పేరు పెట్టండి. పెట్టిగ్రూ బెండ్. రేడియోలో వాళ్ళు వినాలి," అందామె.

"ఎవరు?"

"అగ్గిపెట్టె తెచ్చినవాళ్ళు."

లూషియస్ గొంతు తగ్గించాడు. "అమ్మా... శనివారం నువ్వు మళ్ళీ అక్కడికేగా వెళ్ళేది?"

"అక్కడికే. వాళ్ళ రేడియోలో రాకపోతే, ఈ రికార్డు వాకిట్లో నేనే గట్టిగా పెట్టి వినిపిస్తాను."