కరియ పెట్టె

ఆసుపత్రి వేసవిలో శాశ్వతంగా మూతపడుతుందని తెలిసిన రోజే ఎడిత్ దొరసాని తన కుక్కను కూడా ఇంగ్లండు తీసుకుపోతానని చెప్పింది. అది 1961. కుందుర్పి దారిలో ఉన్న ఆ మిషన్ ఆసుపత్రిలో ఆమె యుద్ధం నాటి నుంచి నర్సు. తెలుగు ఒక పంతులు దగ్గర పుస్తకం పెట్టుకొని నేర్చుకుంది. అందరినీ మీరు అనేది. కుక్కను కూడా మీరు అనేది.

కుక్క పేరు కరియ, నల్లగా ఉంటుంది గనక. ఆ పేరు పెట్టింది హనుమక్క, దొరసాని ఇంట్లో వంటమనిషి. హనుమక్క తమ్ముడు తిప్పయ్యకు గొర్రెల మంద ఉంది. కరియ ఆ మందలో పుట్టింది. కళ్ళు తెరిచిన వారానికి హనుమక్క కొంగులో వేసుకొని తెచ్చి దొరసానికిచ్చింది. ఇచ్చిందన్న మాటే గానీ తిండి పెట్టింది, పేలు తీసింది, పడుకోబెట్టుకుంది హనుమక్కే.

దొరసాని బొంబాయి దాకా రైల్లో, అక్కడి నుంచి విమానంలో పోవాలి. కుక్క అదే విమానంలో, సామాన్లు పెట్టే చోట, పెట్టెలో పోవాలి. విమాన కంపెనీ వాళ్ళు షరతులు రాసి పంపారు. పెట్టెలో కుక్క నిలబడగలగాలి, వెనక్కి తిరగగలగాలి, పడుకోగలగాలి. పిచ్చికుక్క జబ్బు రాకుండా సూది వేయించాలి. కరిచే కుక్కను ఎక్కించుకోరు.

సూది పని సులువుగానే అయింది. అనంతపురం పశువుల ఆసుపత్రిలో హనుమక్క కరియ తలను మోకాళ్ళ మధ్య పెట్టుకొని కూర్చుంది. కాంపౌండరు గోవిందప్ప సూది వేశాడు. పెట్టె పని ఆలస్యమైంది. వడ్రంగి పుల్లన్న తుమ్మ చెక్కతో చేసి తెచ్చాడు. ఇద్దరు కలిసినా అది లేవలేదు. ఆకాశంలోంచి కింద పడినా పగలదమ్మా అని పుల్లన్న భరోసా ఇచ్చాడు. దొరసాని అతని మొహంలోకి కాసేపు చూసి, మామిడి పలకలతో ఇంకొకటి చేయమంది.

రెండో పెట్టెకు ముందువైపు ఇనుప జల్లెడ తలుపు, పక్కల గాలికి బెజ్జాలు, మోయడానికి తాళ్ళు. కరియ దాంట్లోకి పోలేదు. మాంసం ముక్క లోపల పెడితే వెనక కాళ్ళు బయటే ఉంచి మెడ చాపి అందుకుంది. ఎత్తి లోపల వేసి తలుపు మూస్తే చిగుళ్ళు చిట్లేదాకా జల్లెడ కొరికింది. దొరసాని తలుపు తీసి, హనుమక్కను వరండాలోకి పిలిచింది.

"హనుమక్కగారూ, ప్రయాణం నాటికి వీరు పెట్టెకు అలవాటు పడకపోతే గోవిందప్పగారి చేత ఇంకొక సూది వేయించవలసి ఉంటుంది. నొప్పి తెలియకుండా ప్రాణం పోతుంది. వీరిని వీధిలో వదిలి వెళ్ళలేను."

హనుమక్క కుక్కను తనకిమ్మని అడిగింది. ఎక్కడ పెట్టుకుంటారని దొరసాని అడిగింది. ఆసుపత్రి మూతపడితే కాంపౌండులో ఆమె గది కూడా పోతుంది. విడపనకల్లులో కూతురి ఇంటికి పోవాలి. ఆ అల్లుడు ఈమె వస్తుందంటేనే నీళ్ళు ఎవరు మోయాలని అడిగాడు. తిప్పయ్య ఉంటే మందలో కలుపుకొనేవాడు. రెండేళ్ళుగా వానలు లేక, గడ్డి లేక, అతను మందను తోలుకొని తుంగభద్ర కాలువల వైపు పోయాడు. ఏ ఊళ్ళో ఉన్నాడో అతని పెళ్ళానికే తెలియదు.

ఇక పెట్టె అలవాటు చేయడం తప్ప దారి లేదు. హనుమక్కకు తెలిసిన పద్ధతి ఒక్కటే. మందలో కుక్కపిల్లను రాత్రిపూట గొర్రెలతోపాటు దడిలో ఉంచుతారు. తిండి దడిలోపలే పెడతారు. పెట్టే చెయ్యి ఒక్కటే ఉండాలి. కొన్నాళ్ళకు గేటు తీసినా కుక్క దడి వదిలి పోదు.

ఆమె పెట్టెలో పాత కంబళి ముక్క పరిచింది. రాగిసంగటి, మజ్జిగ లోపలే పెట్టింది. ఎవరూ కుక్కకు ఏమీ పెట్టొద్దని కాంపౌండులో అందరికీ చెప్పింది. కరియ మొదట ఆకలికి పోయింది. తర్వాత ఆమె పిలిస్తే పోయింది. తలుపు మూసి ఆమె పక్కనే కూర్చొని బియ్యంలో రాళ్ళు ఏరేది. ఎండలు ముదిరేసరికి కరియ పొద్దెక్కగానే తనంతట తానే పెట్టెలోకి పోయి పడుకొనేది. దొరసాని హనుమక్క రెండు చేతులూ పట్టుకుంది. గోవిందప్పకు ఇక రానక్కరలేదని కబురు పంపింది.

రైలు చప్పుడు కూడా అలవాటు కావాలని ఒకరోజు కరియను పెట్టెలో పెట్టి జీపులో అనంతపురం స్టేషనుకు తీసుకుపోయారు. ఎక్కించేటప్పుడు హనుమక్క ఒక పక్క తాడు పట్టుకుంది కాబట్టి ఏమీ కాలేదు. స్టేషన్లో దించేటప్పుడు డ్రైవరు యేసన్న, ఒక కూలీ పట్టుకున్నారు. అంతవరకూ గమ్మునున్న కరియ జల్లెడ మీదికి దూకింది. యేసన్న రెండు వేళ్ళు బెజ్జంలోంచి దొరికాయి. కూలీ తన పక్క వదిలేసి పారిపోయాడు.

హనుమక్క వచ్చి పిలిస్తేగానీ కరియ వేళ్ళు వదల్లేదు. యేసన్న చేతికి గుడ్డ చుట్టుకుంటూ అన్నాడు: "ఏమక్కా, పెట్టెలో పండుకునేది నేర్పమంటే పోలీసు పని నేర్పినావా?"

హనుమక్క నవ్వలేదు. తను చేసిన తప్పు ఆమెకు అప్పుడే తెలిసింది. దడిలో తిని పెరిగిన కుక్క దడి మీద చెయ్యి వేసినవాణ్ణి దొంగ అనుకుంటుంది. ఆమె పెట్టెను దడి చేసింది.

తిరుగు దారిలో దొరసాని గోవిందప్పకు మళ్ళీ కబురు పెట్టాలని చెప్పింది. ఇంకా ఎంతమంది ఈ పెట్టె మోస్తారని హనుమక్క అడిగింది. గుంతకల్లులో బండి మారేటప్పుడు కూలీలు, బొంబాయిలో కూలీలు, విమానం దగ్గర పనివాళ్ళు, లండన్‌లో వేరే పనివాళ్ళు అని దొరసాని చెప్పింది. ఆ తర్వాత ఇల్లే గదా అని హనుమక్క అంది. కాదని దొరసాని ఒప్పుకుంది. వేరే దేశం నుంచి వచ్చిన కుక్కలను అక్కడ ఆరు నెలలు కటకటాల గదిలో పెడతారు.

"ఏం తప్పు చేసినాదని?"

"తప్పు కాదు. చట్టం. జబ్బు రాదని తెలిసేవరకు."

"ఆడ కూడెవరు పెడతారు?"

"జీతగాళ్ళు. నేను వెళ్ళి చూడవచ్చు. కానీ ఆ ఊరు మా ఊరికి దూరం."

జీపు ఆసుపత్రి చేరేవరకు హనుమక్క పెట్టె మీద చెయ్యి పెట్టుకొని కూర్చుంది. దిగాక, ప్రయాణం దాకా గోవిందప్పను పిలవొద్దని అడిగింది. దొరసాని సరేనంది.

మంద అమ్మినప్పుడు కుక్క కూడా కొన్నవాడితో పోవాలి. ఊరికే పోదు. అందుకని అమ్మినవాడు దానికి తిండి మానేస్తాడు. కొన్నవాడు గిన్నె పట్టుకొచ్చే వేళకు అమ్మినవాడు కట్టె తీసుకొచ్చి కొడతాడు. కొన్నవాడు అతన్ని తిట్టి తరిమి కుక్కకు కూడు పెడతాడు. తిప్పయ్య ఒకసారి ఈ పని చేసి, ఆ పూట తను కూడా తినలేదు. హనుమక్క అది చూసింది.

ఆమె యేసన్నకు సంగటి గిన్నె ఇచ్చి పెట్టె ముందు కూర్చోమంది. తంగేడు కట్టె తెచ్చి కరియను వీపు మీద కొట్టింది. కరియ కట్టె ఎటు నుంచి వచ్చిందో చూడలేదు. దాక్కోవడానికి ఆమె కాళ్ళ వెనక్కి వచ్చింది. ఆమె అక్కడే ఇంకోసారి కొట్టింది.

"నన్ను తిట్టప్పా," అంది యేసన్నతో.

"నా వల్ల గాదక్కా."

"తిట్టకుంటే అది నీ తట్టు రాదు. గట్టిగా తిట్టు. నాకేం గాదులే."

యేసన్న తిట్టాడు. ఆమె కట్టె పట్టుకొని వంటింట్లోకి పోయింది. కరియ గిన్నె ముట్టలేదు. మర్నాడు ముట్టింది.

ఆ తర్వాత రోజుకొకరు పెట్టారు. చాకలి మారెక్క, పుల్లన్న, పుల్లన్న తమ్ముడు, చివరి రోగుల బంధువులు. పెట్టిన ప్రతివాళ్ళూ పెట్టె తాళ్ళు పట్టుకొని నాలుగడుగులు మోసేవాళ్ళు. ప్రతిసారీ ముందు హనుమక్క కట్టెతో వచ్చేది. పుల్లన్న బాగా తిట్టేవాడు. ఇన్నేళ్ళుగా అతనికి సంగటి తక్కువ పెట్టిందని కూడా అందులో కలిపేవాడు. దొరసాని కిటికీ మూసుకొనేది. రోజుకు ఒకసారి చాలదా అని ఒకరోజు అడిగింది.

"చాలదమ్మా. నా కూడు మరిచిపోవాల."

కొన్నాళ్ళకు కట్టె అవసరం లేకపోయింది. ఆమె వంటింటి గడప దాటితే కరియ లేచి పెట్టెలోకి పోయేది. ఎవరు తాడు పట్టుకున్నా ఊరుకునేది.

ప్రయాణం రోజు స్టేషనుకు రానని హనుమక్క అంది. దొరసాని ఒప్పుకోలేదు. హనుమక్క జీపులో ముందు కూర్చుంది, వెనక్కి తిరగలేదు. ప్లాట్‌ఫారం మీద కుళాయి దగ్గర, పెట్టెకు ఎడంగా నిలబడింది. ఎప్పుడూ చూడని కూలీ తాడు పట్టుకుంటే కరియ అతని వేళ్ళు నాకింది. దొరసాని చెయ్యి ఊపి ఒకసారి దగ్గరికి రమ్మంది. హనుమక్క తల అడ్డంగా ఊపింది.

గార్డు సామాన్ల బోగీ తలుపు దగ్గర నిలబడి అడిగాడు.

"ఏమమ్మా, కరుస్తాదా?"

దొరసాని హనుమక్క వైపు చూసింది. గార్డు కూడా చూశాడు.

"కరవదు," అంది హనుమక్క.

ఆ గొంతు విని కరియ లేచింది. పెట్టె వెనక మూలకు పోయి పలకకు మొహం ఆనించింది. కూలీలు పెట్టెను లోపలికి తోశారు. గార్డు బరువు రాసుకొని తలుపు లాగాడు.