ఆఖరి కాజా

అమ్మమ్మ ఒక్కో చొక్కాకి ఏడేసి మిఠాయిలు పెట్టేదట. ఏఐ రాసిచ్చిన సారాంశంలో ఆ ముక్క చదివి పరిశోధకురాలు పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. దర్జీ కొట్లో కాజా అంటే గుండీ దూరే రంధ్రమని దానికెవరు చెప్పారు గనక? చివరికి తనే చెప్పింది. కుట్లు, కొలతలు, అమ్మమ్మ మాట తీరు, అన్నీ ఓపిగ్గా నేర్పింది. చనిపోయిన అమ్మమ్మ గొంతు రికార్డింగులు నమ్ముకుని, కుట్టుపనివాళ్ల కబుర్ల మీద థీసిస్ రాస్తున్న మనిషికి ఆ మాత్రం ఓపిక తప్పదు.

చిక్కంతా చివరి రికార్డింగుతో వచ్చింది. తాత ఇల్లు వదిలి వెళ్లిపోవడం గురించి అమ్మమ్మ నోరు విప్పింది ఆ ఒక్కసారే.

"ఆయన చొక్కా సగంలో ఉంది. ఆఖరి కాజా మాత్రం నేను..."

అక్కడ ఫోన్లో చార్జింగ్ అయిపోయింది. మిగతాది నువ్వు మళ్లీ వచ్చినప్పుడు చెబుతానంది అమ్మమ్మ. ఆ మళ్లీ రానేలేదు.

ఒక సాయంత్రం ఉండబట్టలేక, తర్వాత ఏమని ఉంటుందని ఏఐనే అడిగింది. అది చిటికెలో పూరించింది: "...కుట్టకుండా అట్టేపెట్టాను. వస్తే ఆయన ఒంటిమీదే కుడదామని." అచ్చం అమ్మమ్మే. కళ్లు చెమర్చాయి. తర్వాత తీసేద్దాంలే అనుకుని అధ్యాయంలో అతికించింది. తీసెయ్యడానికి చెయ్యి రాలేదు.

గైడ్ మేడమ్ సరిగ్గా ఆ వాక్యం కిందే గీత గీసి, థీసిస్ దీంతోనే ముగించమంది. ఏఐని దేనికి వాడావో ముందు పేజీలో రాయాలని, రికార్డింగులు కాగితం మీదికి ఎక్కించడానికి వాడితే తప్పులేదని, మనిషి అనని మాట అన్నట్టు పెట్టడం మాత్రం కుదరదని ఎప్పట్లాగే గుర్తుచేసింది. పరిశోధకురాలు తలూపి బయటపడింది.

మెట్ల మీద ఉండగానే అమ్మ ఫోన్ చేసింది. అచ్చుతప్పులు చూడమని ఆ అధ్యాయం ఆవిడకి పంపింది తనే.

"అయితే అమ్మ మా నాన్న కోసం ఎదురుచూసిందన్నమాట," అంది అమ్మ. "ఎన్నిసార్లు అడిగానో. పనుంది పోవే అనేది. నిజంగా చూసిందా?"

ఊఁ అంటే చాలు. అమ్మ చిన్నప్పటి నుంచి వెతుక్కుంటున్నది దొరుకుతుంది. మేడమ్‌కి ముగింపు దొరుకుతుంది. కాదనే మనిషి ఈ లోకంలో లేదు.

మెట్టు మీద కూర్చుంది.

"అది అమ్మమ్మ అనలేదమ్మా. మెషీన్ అల్లింది. నాకే తీసెయ్య బుద్ధి కాలేదు."

"నీ మెషీన్ తగలెయ్య," అంది అమ్మ, కోపం లేకుండా. "మరి మా అమ్మ ఎందాకా చెప్పింది?"

"'నేను' అనేదాకా."

"అదే పెట్టు."

లాప్‌టాప్ తెరిచి, ఫోన్ దాని పక్కన పెట్టి రికార్డింగు వినిపించింది. అమ్మమ్మ గొంతు మెట్లన్నీ దిగి వెళ్లి, ఠక్కున ఆగింది.

"విన్నావా?" అంది అమ్మ. "'నేను' అంటూనే దారం పళ్లతో పుటుక్కున కొరికింది."

ఏఐ ఆ చప్పుణ్ని వదిలేసింది. ఇన్నాళ్లూ తనూ వినలేదు. పూరించిన ముక్క చెరిపేసింది. మేడమ్‌తో చెప్పాలి. ఆవిడ గదిలో దీపం ఇంకా వెలుగుతూనే ఉంది. లేవబోయింది.

"ఇంకోసారి పెట్టవే," అంది అమ్మ.

మళ్లీ కూర్చుంది.