ఆరో తారీఖు పేపరు

అలమరలో కాగితాలు మార్చడం నెలకోసారి ఉండే పని. పప్పు డబ్బాలు, చింతపండు జాడీ, నూనె క్యాను దించి, జిడ్డు పట్టిన పాత పేపరు లాగేసి, మంచం కింద కట్టలోంచి ఇంకొకటి తీసి పరవాలి. చిన్న పనే. నాకు మాత్రం ఒక పూట పడుతుంది, పరిచే ముందు చదువుతాను కాబట్టి. మా ఇంట్లో పేపరు నా చేతికి వచ్చేది అలాగే. పొద్దున్నే మా ఆయన రఘునాథ్ కాఫీ తాగుతూ చదివేవాడు. ఆయన లాడ్జి డ్యూటీకి పోయాక మా అత్త రాఘవమ్మ రాశిఫలాలు నాతో చదివించుకుని, అదే పేపరు మీద మునగాకు దూసుకునేది. ఆ తర్వాత మూడేళ్ళ మా స్రవంతి అన్నం మెతుకులు పడకుండా దాని కింద పరిచేదాన్ని. అక్కడి నుంచి కట్టలోకి, కట్టలోంచి అలమరలోకి. ఎన్నికల్లో గెలిచినవాళ్ళు కుర్చీ ఎక్కి కూర్చున్నాక వాళ్ళు నిలబడిన సంగతి నాకు తెలిసేది. తుఫాను హెచ్చరిక చదివేసరికి ఎండలు కాస్తుండేవి.

ఆ గురువారం కింది అరలో పరుస్తుంటే నా చేయి ఆగిపోయింది. జిల్లా పేజీ మధ్యలో అరచేతంత కాగితం లేదు. పాప చింపితే అంచులు అలా ఉండవు. బ్లేడుతో, స్కేలు పెట్టి కోసినట్టున్నాయి. మా అత్తకు చేతులు వణుకుతాయి. గడ్డం గీసుకునే బ్లేడు మా ఇంట్లో ఒక్కరికే ఉంది. పేజీ పైన తారీఖు చూశాను. 2005 జూన్ 6.

మా ఇంటికి పేపరు రావడం మే నెలాఖరుతోనే ఆగిపోయింది.

మానిపించింది ఆయనే. "ఈ కాలంలో పేపరు ఎవురు ఏపించుకుంటారే? టీవీలో ఇరవై నాలుగ్గంటలూ అదే గదా" అన్నాడు. టీవీ ఎవరికి? మధ్యాహ్నం అత్త సీరియళ్ళకి, రాత్రి ఆయన క్రికెట్టుకి. "తొమ్మిదితో బడి మానినదానికి పేపరెందుకురా, సదివి కలెక్టరయ్యేదుందా?" అని అత్త నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వకపోతే మొహం మాడ్చుకున్నానంటారు.

మానిపించిన వారం తర్వాతి పేపరు మా మంచం కిందికి ఎలా వచ్చింది? వచ్చినదాన్లో ఏం కోశాడు?

నాకు అనుమానాలు ఎక్కువే. పాలల్లో నీళ్ళున్నాయేమో, గ్యాసు వాసన వస్తుందేమో, పాప దగ్గు మామూలు దగ్గేనా అని రోజంతా నాకు ఇదే పని. "నీది అనుమానం జబ్బే, డాక్టరుకు సూపించాల" అంటాడు ఆయన, పదిమందిలో కూడా. అందుకని ముందు నా బుర్రనే అనుమానించుకున్నాను. తర్వాత ఆయన చొక్కా జేబులు వెతికాను. వక్కపొడి, ఎవరో యాత్రికుల రూము రసీదు. లాడ్జిలో ఏదైనా జరగరానిది జరిగి ఆయన పేరు పేపర్లో పడిందా? ఎవరైనా ఆడమనిషి గొడవా? ఉద్యోగం పోయిందా? వంకాయ తరుగుతూ ఒక్కొక్కటీ అనుకుని చూశాను. ఏదీ ఆ కోసిన ఖాళీలో సరిగ్గా అమరలేదు.

సాయంత్రం అన్నం పెడుతూ అడిగాను. "మంచం కింద ఆరో తారీఖు పేపరుండాది. యాడిది?"

"లాడ్జిలో ఎవురో వదిలేసి పోయింటే తెచ్చినా."

"మధ్యలో కోసిందెవురు?"

"పోలీసోళ్ళ మాదిరి అడగతా ఉండావే! ఎలకలు కొరికింటాయి. చారు పొయ్యి."

స్కేలు పెట్టుకుని కొరికే ఎలకలు మా ఇంట్లో లేవు. అబద్ధం చెప్పడానికి కూడా నాకోసం ఆయన కొంచెమైనా కష్టపడలేదు. చారు పోశాను. ఆయన టీవీ వైపు చూస్తున్నాడు.

మర్నాడు శుక్రవారం. పాపను చంకనేసుకుని వీధిలోకి వెళ్ళాను. ఎదురింటి ఆనందమ్మక్క తిరుచానూరు అమ్మవారి గుడి ముందు పూలమ్ముతుంది. గడప మీద కూర్చుని కనకాంబరాలు కడుతోంది.

"ఆరో తారీఖు పేపరుండాదా అక్కా?"

"పేపరా? టీవీ కొన్నాక మానేస్తిమి గదా పాపా. తారీఖే కావాలంటే కేలండరుండాది, తీస్కపో" అని పకపకా నవ్వింది. తర్వాత నా మొహం చూసి నవ్వు ఆపింది. "ఏమ్మే, ఏమైనాది?"

"ఏంల్యా అక్కా. పాప పేరుండే పిల్ల ఫోటో పడిందంట." నోటికొచ్చిన అబద్ధం. అందరూ చెప్తున్నారు, నేనూ చెప్పాను.

మూలింటివాళ్ళు వేయించుకుంటారు గానీ, మొన్ననే తూకానికి వేసేశారట. పక్కింట్లో పేపరు రోజూ వస్తుందిగానీ ఎవరూ విప్పరు. అద్దాలు తుడిచేదానికి బాగుంటుందని తెప్పించుకుంటున్నారు. ఆరో తారీఖుదానితో అప్పుడే తుడిచేశారు. వీధి మలుపులో మునిరత్నమన్న సైకిలు ఆపుకుని టీ తాగుతున్నాడు. ముప్పై ఏళ్ళుగా ఈ వీధులకు పేపరు వేసేది ఆయనే.

"ఈ ఈదిలో పదహారిండ్లకు ఏస్తా ఉంటి అమ్మణ్ణీ. ఇప్పుడు నాలుగు. మీ ఇంటిది మాత్రం ఆగిపోలేదులే, లాడ్జికి మారింది."

"మారిందా?"

"రఘునాథ్ సారు మానేదేంది? ఆడనే తీసుకుంటా ఉండాడు దినామూ. మా ఇంట్లో ఆడోళ్ళు సదవరు, ఇంటికి ఏసేది దండగ అన్నాడు." నా మొహం చూసి టీ గ్లాసు కింద పెట్టాడు. "చెప్పకూడనిది చెప్పినానా?"

"లేదన్నా. ఆరో తారీఖుది యాడ దొరుకుతాది?"

"మిగిలినవి నేను తిరిగి పంపేస్తా. గ్రంథాలయంలో కుట్టి పెట్టింటారు. ఈ పొద్దు శుక్రవారం, తీయరు. రేపు పో."

శుక్రవారం అంత పొడుగ్గా ఉంటుందని నాకు అంతకుముందు తెలియదు. మా ఇంట్లో ఆడోళ్ళు సదవరు. గిన్నెలు తోముతుంటే అదే మాట, పాపకు నీళ్ళు పోస్తుంటే అదే మాట. నేను చదవడం నేర్చుకున్నదే పేపరు మీద. కార్వేటినగరం పక్కన మా పల్లెకి పుత్తూరు బస్సులో ఒకే ఒక్క పేపరు వచ్చేది, మా నాయన ఆదిమూలం కోసం. మా నాయనకు అక్షరాలు రావు. ఇంటి ముందు తిన్నె మీద కూర్చుని, "రేవమ్మా, ఈ పొద్దు ఏమంటా ఉండాది లోకం?" అనేవాడు. నేను మొదటి పేజీ మొదలుకుని సినిమా ప్రకటనల దాకా గట్టిగా చదివేదాన్ని. అమ్మకు పక్షవాతం వచ్చి నన్ను తొమ్మిదిలో బడి మానిపించినప్పుడు కూడా పేపరు మానిపించలేదు. "బడి పోతే పోయినాది, నువ్వు నాకు సదివేది పోకూడదు" అన్నాడు. మా తమ్ముడు గిరిప్రసాద్ బడికి వెళ్ళేవాడు. నేను చదివేదాన్ని. నాయన పోయి రెండేళ్ళయింది.

శనివారం పొద్దున పాపను ఎత్తుకుని చెప్పులు వేసుకున్నాను.

"యాడికే?" అంది అత్త.

"దగ్గు మందుకు."

గ్రంథాలయంలో బల్లల దగ్గర అందరూ మగవాళ్ళే. పేపరు అడ్డం పెట్టుకుని నా వైపు చూశారు. గ్రంథపాలకుడు, "నవలలా అమ్మా? లోపల బీరువాలో ఉన్నాయి" అన్నాడు. పేపరని చెప్పాను, తారీఖు చెప్పాను. ఆయన పురికొసతో కుట్టిన పెద్ద కట్ట తెచ్చి నా ముందు వేశాడు. జూన్ ఆరు తీసి, నా సంచిలోంచి కోసిన పేజీ మడత విప్పి దాని మీద సరిగ్గా పరిచాను. కోసిన ఖాళీలోంచి, కిటికీలోంచి మనిషి చూసినట్టు, అక్షరాలు కనిపించాయి.

బహిరంగ ప్రకటన. కార్వేటినగరం మండలంలోని మా పల్లె పేరు, మా మామిడితోపు సర్వే నంబరు. దాన్ని కీర్తిశేషులు ఆదిమూలం గారి ఏకైక సంతానము, వారసుడు అయిన గిరిప్రసాద్ గారి వద్ద నుండి మా క్లయింటు కొనదలచినారు. ఎవరికైనా అభ్యంతరములున్న యెడల పదిహేను రోజులలోగా తెలియజేయవలెను. గడువు దాటిన పిదప వచ్చు అభ్యంతరములు చెల్లవు. కింద పుత్తూరులోని ఒక న్యాయవాది చిరునామా.

ఏకైక సంతానము. నేను ఆ రెండు మాటలూ చాలాసేపు చూశాను. తోపు సంగతి తర్వాత గుర్తొచ్చింది. ముందు గుర్తొచ్చింది తిన్నె. మా నాయన పక్కన తిన్నె మీద గట్టిగా పేపరు చదువుతున్న పిల్లను ఎవరో బ్లేడు పెట్టి కోసేశారు.

అప్పుడు ఒక్కొక్కటీ వరసలోకి వచ్చాయి. మే నెలలో గిరి మామిడిపళ్ళ బుట్టతో వచ్చాడు. ఎప్పుడూ లేంది "అక్కా, నువ్వు కూర్చో, నేను కోస్తా" అన్నాడు. ఆ తర్వాత ఇద్దరూ మిద్దె మీదికి పోయారు. నేను కాఫీ తీసుకుని మెట్లెక్కుతుంటే మాటలు ఆగిపోయాయి. అప్పటి నుంచే మా ఆయన నోట్లో కొత్త మాట, లాడ్జి లీజుకు తీసుకుంటామని. ఎవరితో కలిసి అంటే, "నీకెందుకే" అనేవాడు. ఆ వారమే పేపరు మానిపించాడు. ఫైలుకు పేపరు ముక్క కావాలని వకీలు అడిగి ఉంటాడు. మా పల్లెకు నాయనతో పాటే పేపరు రావడం పోయింది. అందుకే గిరి కోసం మా ఆయనే కోసి పెట్టి ఉంటాడు. అంతా జాగ్రత్తగా చేసి, మిగిలిన కాగితాన్ని మంచం కిందికి తోశాడు. చదివిన పేపరు ఆయన లెక్కలో చెత్త. చెత్త తీసేది నేను.

గడువు మంగళవారానికి అయిపోతుంది.

"సార్, గీతల కాగితం ఒకటి ఇస్తారా?" అన్నాను. గ్రంథపాలకుడు రెండిచ్చాడు, పెన్ను కూడా. పాపకు ఇంటి నుంచి తెచ్చిన కోసిన పేజీ ఇచ్చి కింద కూర్చోబెట్టాను. ఆ ఖాళీలో తల దూర్చి అది నవ్వుకుంటోంది. నేను రాశాను. 'అయ్యా, ఆదిమూలం గారికి ఇద్దరు సంతానం. పెద్దదాన్ని నేను. మీ ప్రకటన చదివాను. నా సంతకం లేకుండా మా నాయన తోపు అమ్మడానికి నాకు అభ్యంతరం ఉంది.' ఇంకా చాలా రాయాలనిపించింది. పెళ్ళి, పేపరు, మిద్దె మీద మాటలు. రాయలేదు. కింద రేవతి అని పెట్టి, 'ఆదిమూలం గారి కూతురు' అని రాశాను. పెళ్ళయ్యాక అలా రాయడం అదే మొదటిసారి. పోస్టాఫీసు మూసేలోపు పరుగెత్తి, రిజిస్టరు చేసి, రసీదు రవికలో దాచుకున్నాను. వచ్చేటప్పుడు మునిరత్నమన్న ఎదురయ్యాడు. చీరలకు ఫాల్స్ కుట్టిన డబ్బులు కొన్ని ఆయన చేతిలో పెట్టి, బుధవారం నుంచి ఇంటికి పేపరు వేయమన్నాను.

మంగళవారం సాయంత్రం మా ఆయన డ్యూటీ మధ్యలో ఇంటికి వచ్చాడు. చెప్పులు విప్పలేదు.

"ఏం రాసినావే వకీలుకు? గిరి ఫోన్లో ఏడస్తా ఉండాడు. కొనేవాళ్ళు ఎనక్కి పోయినారంట!"

"నాకు నాయన ఉన్నాడని రాసినా."

"ఎవురు చెప్పినారు నీకు?"

"ఎవురూ చెప్పలా. ఎలకలు వదిలేసింది చదివినా."

అత్త సీరియల్ వదిలి చూసింది. ఆయన కుర్చీలో కూర్చున్నాడు. "ఈ కాలంలో పేపరు ఎవురు సదవతారులే బావా అన్నాడు వాడు" అని గొణిగాడు. తప్పు తనది కాదన్నట్టుగా, మోసపోయింది తనే అన్నట్టుగా. రేపటి నుంచి ఈ ఇంట్లో నా గతేమిటని నాకు భయం వేసింది. ఆ భయంతోనే లేచి బియ్యం కడిగాను. రాత్రి అన్నం మాత్రం అందరూ తిన్నారు.

బుధవారం పొద్దున కాఫీ వడగడుతుంటే గడప ముందు పేపరు పడిన చప్పుడు. ఆయన ఉలిక్కిపడి, అలవాటుగా వంగి చేయి చాచాడు. నేను ముందు తీసుకున్నాను. కాఫీ గ్లాసు ఆయనకిచ్చి, పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, గడప మీద కూర్చుని మొదటి పేజీ విప్పాను.

"ఉండండి" అన్నాను. "నేను చదివినాక ఇస్తా."