నురగ రాని నీళ్ళు

ఏలూరులో ఆ కొత్త కాలనీకి మారిన దగ్గర్నుంచి నాగదుర్గకు కుదురు లేదు. కుళాయి మూతికి పట్టిన తెల్లటి పెచ్చును చింతపండు వేసి తోమేది. మర్నాటికి మళ్ళీ పట్టేది. స్టీలు బకెట్టు లోపల సున్నం కొట్టినట్టు పొర. ఎన్ని విజిళ్ళు వచ్చినా కందిపప్పు పలుకు పలుకుగానే ఉండేది. భర్త సాయికృష్ణ చొక్కాలు ఉతికి ఆరేస్తే అట్టలైపోయేవి.

ఇంట్లో ఇవన్నీ ఎలాగో సర్దుకోవచ్చు. సర్దుకోలేనిది ముందుగదిలో ఉంది. అది ఆమె బ్యూటీ పార్లరు.

పెళ్ళికి ముందు నుంచీ తాడేపల్లిగూడెంలో, పుట్టింటి వీధిలోనే నడిపింది. సాయికృష్ణ కలిదిండి, ముదినేపల్లి వైపు రొయ్యల చెరువుల్లో నీళ్ళకు గాలి అందించే ఏరియేటర్లు బాగుచేస్తాడు. కంపెనీ వాళ్ళు ఏలూరులో ఉండమంటే వచ్చారు. గూడెంలో దుర్గ తలంటితే జుట్టు జారిపోతుందని చెప్పుకునేవారు. ఇక్కడా అదే షాంపూ, అవే చేతులు. కానీ ఎంత రుద్దినా నురగ రాదు. కడిగాక జుట్టు కొబ్బరిపీచులా చిక్కులు పడేది. వచ్చినవాళ్ళు అద్దంలో చూసుకుని, ఏమీ అనకుండా వెళ్ళిపోయేవారు. అలా వెళ్ళినవాళ్ళలో చాలామంది మళ్ళీ కనపడలేదు.

అందరిలోకీ ఆమె మనసును తొలిచేసింది బాలాత్రిపురసుందరి టీచరు గారు. వెనక వీధిలో ఉంటారు. హెడ్మిస్ట్రెస్‌గా రిటైరయ్యారు. నడుం దిగిన జడ ఆవిడది. తెల్లవెంట్రుకలకు రంగు వేయించుకుని, తలంటించుకుని, కాసేపు కబుర్లు చెప్పి వెళ్ళేవారు. ఆఖరిసారి వచ్చినప్పుడు దువ్వెనకు ఇంత జుట్టు ముద్ద చుట్టుకుని వచ్చింది. ఆవిడ ఆ ముద్దను చూశారు, నాగదుర్గ ముఖం చూశారు. కొంగు తలమీదికి లాక్కుని వెళ్ళిపోయారు.

తర్వాత ఒకరోజు కూరగాయల బండి దగ్గర నాగదుర్గ పలకరించబోతే, చూడనట్టు రోడ్డు దాటేశారు.

ఇంక నాగదుర్గకు ఒకచోట కూర్చోబుద్ధి కాలేదు. షాంపూ మార్చింది. అదీ పారబోసి ఇంకోటి తెచ్చింది. రంగు డబ్బాల మీది తేదీలు చూసిందే చూసింది. తన తలే అంటుకుని, ఆరకముందే మళ్ళీ తడిపింది. ఎవరైనా గుమ్మంలోకి వస్తే గుండె దడ, రాకపోతే అంతకన్నా దడ.

"ఏవండీ, నా చేతిలో ఏదో పోయిందండీ" అంది భర్తతో, అతను అన్నం ముందు కూర్చోగానే.

"చేతిలో ఏం పోద్ది దుర్గా? నీళ్ళు చూపించావా ఎవరికన్నా?"

"నీళ్ళేంటండీ, తెల్లగానే ఉన్నాయిగా."

"తెల్లగా ఉంటే సరిపోద్దా? మా చెరువుల్లో నీళ్ళు పరీక్ష చెయ్యకుండా పిల్ల రొయ్యని వదలరు."

పొద్దున్నే కుళాయి నీళ్ళు ఒక సీసాలో పట్టుకుని వెళ్ళాడు. ఆకివీడులో ఆక్వా ల్యాబు ఉంది. సాయంత్రం బండి స్టాండు వేస్తూనే నవ్వాడు.

"ల్యాబాయన ఏమన్నాడో తెలుసా? 'ఏ చెరువువండీ ఇవి, సున్నం దండిగా ఉంది, రొయ్యకి పెంకు భలే కడుద్ది' అన్నాడు. మన కాలనీ బోరు నీళ్ళని చెప్తే తెల్లబోయాడు. సబ్బు విరిగిపోద్దంట, నురగ కట్టదంట. పప్పు ఉడక్కపోవడం కూడా అందుకేనంట."

నాగదుర్గ నవ్వలేదు. చేతులు తిప్పి చూసుకుంది. తప్పు వీటిది కాదు. ఆ తేలిక ఒక్క క్షణమే నిలిచింది.

"మరి టీచరు గారికి ఎవరు చెప్తారండీ?"

మర్నాడు పార్లరు సంచీ భుజాన వేసుకుని, ఖాళీ వాటరు క్యాన్లు రెండు పట్టుకుని గూడెం పాసింజరెక్కింది. పుట్టింట్లో మునిసిపాలిటీ కుళాయికి గోదావరి కాలవ నీళ్ళొస్తాయి. వాళ్ళమ్మ నోరు నొక్కుకుంది.

"ఏలూరులో నీళ్ళే లేనట్టు ఇదేం పనే?"

"ఉన్నాయమ్మా. పనికిరావు."

తిరుగు బండిలో ఎదుటి సీటు పెద్దాయన క్యాన్లు చూసి అడిగాడు. "తీర్థమా అమ్మా?"

"కాదండీ, తలంటుకి" అంది. పెట్టెలో సగం మంది తిరిగి చూశారు. ఆమెకు అదేం పట్టలేదు. టీచరు గారు తలుపు తీస్తారా, తియ్యరా?

స్టేషను నుంచి ఆటోలో నేరుగా టీచరు గారింటికే వెళ్ళింది. ఆవిడ తలుపు తీశారు. తలకు తువ్వాలు చుట్టుకుని ఉన్నారు. నాగదుర్గ గుమ్మంలోనే మొదలుపెట్టింది. బోరు నీళ్ళు, సున్నం, ల్యాబు, రొయ్యలు, అన్నీ కలిపి గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. "నేను చవకరకం వాడానని అనుకున్నారేమోనండీ. ఒట్టండీ, కాదండీ."

"లోపలికి రా, ముందు కూర్చో" అన్నారు టీచరు గారు.

"కూర్చోలేనండీ."

ఆవిడ తువ్వాలు విప్పారు. పాపిట దగ్గర మాడు తెల్లగా కనిపించింది. నాగదుర్గ క్యాన్లు కింద పెట్టింది.

"మా ఇంట్లోనూ ఆ బోరు నీళ్ళే కదమ్మా. జుట్టు బిరుసెక్కడం వాటివల్లే అయ్యుంటుంది. కానీ ఇలా ఊడిపోవడం వేరే. థైరాయిడ్ అన్నారు, వయసన్నారు. మందులు వాడుతున్నాను."

"మరి ఆ రోజు నన్ను చూసి తప్పుకున్నారు..."

"కోపంతో కాదు, సిగ్గేసింది. ఇంత వయసొచ్చి జుట్టు కోసం ఏడుస్తున్నానని నీకు తెలుస్తుందని." ఆవిడ క్యాన్ల వైపు చూశారు. "గూడెం నుంచి మోసుకొచ్చావా ఇవి? పిచ్చిపిల్లా! పద, తలంటు."

పెరట్లో స్టూలు మీద కూర్చోబెట్టి నాగదుర్గ నీళ్ళు పోసింది. కాస్త షాంపూకే వేళ్ళ సందుల్లోంచి నురగ పొంగింది. అలవాటు తప్పిన జారుడు. తల మీద వేళ్ళు ఆడిస్తుంటే తెలియకుండానే నాగదుర్గ కళ్ళు నిండాయి. ఇంత మెత్తగా కడిగినా వెంట్రుకలు వస్తూనే ఉన్నాయి. వాటిని అరచేతిలో దాచబోయింది.

"దాచకు. నాకు తెలుసు" అన్నారు టీచరు గారు. తడిజుట్టు ముందుకు లాక్కుని, "కత్తెర ఉందా నీ దగ్గర?" అని అడిగారు.

"ఉందండీ."

"మెడ దాకా కత్తిరించెయ్."

"వద్దండీ టీచరు గారూ. ఇన్నేళ్ళ జడ."

"ఉన్నదాన్ని రోజూ లెక్క చూసుకుని ఏడవడం నా వల్ల కావట్లేదు దుర్గా. కానియ్."

నాగదుర్గ జుట్టును మెడ దగ్గర పట్టుకుని కత్తిరించింది. పలచబడిన చోటు కప్పేలా ముందుకు దువ్వి, చివర్లు సరిచేసింది. ఆవిడ వెనక్కి చెయ్యి పెట్టి చూసుకుని, "మెడకి గాలి తగుల్తోందే!" అని చిన్నపిల్లలా నవ్వారు. ఆ నవ్వులోనే రెండు చుక్కలు రాలాయి. నాగదుర్గ చూడనట్టు నేల ఊడ్చింది.

ఆ తర్వాత వచ్చిన ప్రతివాళ్ళకూ ముందే చెప్పడం మొదలుపెట్టింది. "మావి సున్నం నీళ్ళండీ. ఆఖర్న క్యాను నీళ్ళు పోస్తాను. అయినా కొంచెం తేడా ఉంటుంది." కొందరు నొచ్చుకుని వెళ్ళారు, కొందరు ఉన్నారు. రెండు నెలలకు ఏలూరు పాత ఊళ్ళో, కాలవకు దగ్గరగా, మునిసిపాలిటీ కుళాయీ ముందుగదీ ఉన్న ఇల్లు దొరికింది. అద్దె ఎక్కువే. టీచరు గారు ఆటో కట్టించుకుని అక్కడికీ వస్తున్నారు.

ఆ కుళాయి పొద్దున కాసేపే వస్తుంది. ఎప్పుడొస్తుందో చెప్పలేరు. అందుకని నాగదుర్గ లేస్తూనే వీధి గుమ్మానికీ డ్రమ్ముకీ మధ్య తిరుగుతూ ఉంటుంది.

"ఇక్కడికొచ్చినా కుదురు లేదా నీకు?" అన్నాడు సాయికృష్ణ ఒకరోజు, కాఫీ గ్లాసు పట్టుకుని.

"వచ్చేశాయండీ, అడ్డు లేవండి" అంటూ పైపు పట్టుకుని పరుగెత్తింది.