కర్ర అడుగున అవిసె నూనె

ఆదివారం ఉదయం ఆరుగంటల పది నిమిషాలకు అక్వేరియంలో నీళ్ల మీద నూనె తేలింది. అరచేయంత తెట్టు. కిటికీ వెలుగు పడిన చోట రంగులు తిరుగుతూ కనిపించింది, మిగతా చోట కనిపించలేదు.

మొదట చూసింది వడ్రంగి. రెండు వారాలుగా ఆయన లేచీ లేవగానే ముక్కాలిపీట లాక్కుని ఆ గాజుతొట్టి ముందు కూర్చుంటున్నాడు. ఆ ఉదయం మూత ఎత్తి, ముక్కు దగ్గరగా పెట్టి చూశాడు. అవిసె నూనె. నలభై రెండేళ్లు కొట్లో పీల్చిన వాసన. అది ఎక్కణ్నుంచి వచ్చిందో కూడా ఆయనకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది. మూత మెల్లగా దించి మళ్లీ పీట మీద కూర్చున్నాడు.

తొట్టి ఆయనది కాదు, బావమరిదిది. బావమరిది లిఫ్టులు బాగుచేసే మెకానిక్. పెళ్లి కాలేదు. పై గదిలో ఉంటాడు. రెండువందల లీటర్ల నీళ్లను పై గది నేల మోస్తుందో లేదోనని తొట్టిని కింద అక్కావాళ్ల ముందుగదిలో పెట్టాడు.

"మా తమ్ముడు పైన, వాడి సంసారం కింద," అని అక్క అందరికీ చెప్పేది.

ఆ సంసారానికి పెద్దలు సక్కర్ చేపల జంట. నోరు ఆనించి నాచు గీక్కుని తినే రకం. మగదానికి మూతి నిండా మీసాలు. ఆడదానికి ఏడేళ్లు, ఆ జాతికి అది ముసలితనమే. అంతకుముందు రెండుసార్లు గుడ్లు పెట్టింది. మొదటిసారి మట్టికుండలో పెడితే మిగతా చేపలు తినేశాయి. రెండోసారి ప్లాస్టిక్ గొట్టంలో పెట్టింది. బావమరిది ఆత్రం పట్టలేక గొట్టాన్ని బయటికి తీసి చూశాడు. కాపలా ఉన్న తండ్రి చేప బెదిరి పారిపోయింది, మళ్లీ దగ్గరికి రాలేదు. గుడ్లకు బూజు పట్టింది.

మూడోసారి మొన్న శుక్రవారం పెట్టింది. ఈసారి కర్ర తొర్రలో. టార్చి వేసి చూస్తే నలభై దాకా ఉన్నాయి, ఒక్కోటి సగ్గుబియ్యం గింజంత, నారింజ రంగులో. ఇవి పోతే ఆ తల్లి మళ్లీ పెట్టడం కల్ల అని బావమరిది శుక్రవారం నుంచి ఇంట్లో అందరి చెవులూ చిల్లులు పడేలా చెబుతూనే ఉన్నాడు.

ఆ కర్ర ఇంటికి వచ్చి రెండు నెలలైంది. కాలువ పూడిక తీసి గట్టున పోసిన మట్టిలో ఒక వేరుమొద్దు బావమరిది కంటబడింది. జానెడున్నర పొడవు, పై కొసకు దగ్గర్లో పిడికిలి పట్టేంత తొర్ర. స్కూటర్ మీద వేసుకొచ్చి బావ ముందు పెట్టాడు.

"చూడు బావా, ఇది పనికొస్తుందా?"

వడ్రంగి గోరుతో నొక్కాడు. గోరు దిగలేదు. చాకుతో గీసి వాసన చూశాడు.

"చచ్చి చాలా ఏళ్లయింది. జిగురు లేదు, పుచ్చు లేదు. దేనికిది?"

"తొట్టిలో పెట్టడానికి."

"నీళ్లలోనా?"

"తొట్టిలో నీళ్లు కాక ఇంకేముంటాయి బావా."

"నలభై రెండేళ్లు కర్రకు తడి తగలకుండా కాపాడి ఇల్లు గడుపుకున్నాన్రా. ఇప్పుడు నువ్వొచ్చి ముంచమంటున్నావు. అయినా మీ ఇంటివాళ్లకు ముంచడం కొత్తేం కాదులే."

"వినిపిస్తోంది," అంది వంటింట్లోంచి భార్య.

బావమరిది మొద్దును తీగల బ్రష్షుతో రుద్దాడు. మిగిలిన బెరడు, మట్టి, మెత్తబడ్డ పీచు అన్నీ ఊడిపోయాయి. సబ్బు తగలనివ్వలేదు. ఇంట్లో ఉన్న పెద్ద గిన్నెలో ఒక కొస మూడు గంటలు, రెండో కొస మూడు గంటలు ఉడకబెట్టాడు. నీళ్లు డికాక్షన్‌లా దిగాయి. అలా నాలుగుసార్లు చేశాక, బాత్రూంలో టబ్బు పెట్టి అందులో మొద్దును ముంచి పైన ఇటుక పెట్టాడు. స్నానానికి వెళ్లిన ప్రతి ఒక్కరూ దాన్ని దాటుకుని వెళ్లాల్సి వచ్చేది.

మూడు రోజులకోసారి నీళ్లు మార్చేవాడు. ఇటుక తీయగానే మొద్దు పైకి లేచేది. మళ్లీ ఇటుక పెట్టేవాడు. నీళ్ల రంగు పల్చబడుతూ వచ్చింది. ముప్పై ఎనిమిదో రోజు ఇటుక తీస్తే మొద్దు లేవలేదు.

ఆ సంగతి విని వడ్రంగి బాత్రూంలోకి వెళ్లాడు. రెండు చేతులతో మొద్దును నీటి మట్టం దాకా ఎత్తి వదిలాడు. అది దిగి, టబ్బు అడుగున ఆగింది. మళ్లీ ఎత్తి వదిలాడు. ఐదారుసార్లు అదే పని చేశాడు. ఆయన చేతిలో పడిన ప్రతి కర్రా నీళ్లలో వేస్తే తేలిందే.

"మునిగింది," అని బయటికొచ్చి భార్యతో చెప్పాడు.

"మునగాలనే కదండీ వాడు నెలకు పైగా నానబెట్టాడు."

"అవును. కానీ మునిగింది."

మొద్దు నిటారుగా నిలబడటానికి అడుగు సాపుగా కోసి, కింద పలకరాయి బిగించిమ్మని బావమరిది అడిగాడు. వడ్రంగి దాన్ని కొట్టుకు తీసుకెళ్లి, రంపంతో కోసి, తుప్పు పట్టని మరలు నాలుగు వేసి, ఆ సాయంత్రమే తెచ్చి ఇచ్చాడు. కోతకూ బిగింపుకూ మధ్య ఆయన చెయ్యి ఇంకో పని కూడా చేసింది. దాన్ని ఎవరూ చూడలేదు, ఆయనతో సహా.

తొట్టిలో పెట్టిన మూడో రోజు కర్ర మీద తెల్లగా జిడ్డులాంటి పొర లేచింది. వడ్రంగి కంగారు పడ్డాడు. "కొత్త కర్రకు మామూలే, చూస్తూ ఉండు," అన్నాడు బావమరిది. సక్కర్ చేపలు కర్రను పట్టుకుని రెండు రోజుల్లో ఆ పొరంతా నాకేశాయి. అది అయిపోయాక కర్రనే గీకడం మొదలుపెట్టాయి. వడ్రంగి గాజుకు చెవి ఆనించాడు. ఆకురాయి నడుస్తున్న చప్పుడు వినిపించింది. భార్యను పిలిచి ఆమె చెవి కూడా ఆనించాడు.

"మీ కొట్లోలాగే ఉందండీ," అంది.

"నాకంటే సన్నగా తీస్తోంది," అన్నాడు.

పదో రోజు మగచేప తొర్రను తనదిగా చేసుకుంది. పన్నెండో రోజు గుడ్లు. అప్పట్నుంచి అది తొర్ర దాటి రాలేదు, తిండి ముట్టలేదు. రెక్కలతో గుడ్ల మీదికి నీళ్లు విసురుతూనే ఉంది. వడ్రంగి కాఫీ తాగుతూ చూశాడు, అన్నం తింటూ చూశాడు. ఎప్పుడు చూసినా విసురుతూనే ఉంది.

పద్నాలుగో రోజు నూనె తేలింది.

ఆరున్నరకు బావమరిది కిందికి దిగాడు. తొట్టి చూసి మెట్ల దగ్గరే ఆగిపోయాడు. తర్వాత తెల్లకాగితాలు తెచ్చి ఒక్కొక్కటే నీటి మీద పరిచి, నూనె అంటుకోగానే ఎత్తాడు. ఏడు కాగితాలకు నీరు తేటపడింది. పది నిమిషాలకు తెట్టు మళ్లీ కట్టింది.

"అక్కా, నిన్న రాత్రి ఏం వేయించావు?"

"నా వంటింటికీ నీ తొట్టికీ మధ్య రెండు గోడలున్నాయిరా. నా మూకుడులో నూనె గోడలు దూకి వస్తుందా?"

"గాల్లో వస్తుంది."

"అయితే ఇన్నేళ్లూ ఎందుకు రాలేదు? నిన్ననే దారి తెలిసిందా?"

నీటి పైన రెండు చిన్న చేపలు నోళ్లు తెరుచుకుని తిరుగుతున్నాయి. నూనె కప్పితే నీటికి గాలి అందదని బావమరిదికి తెలుసు. పీట పక్కనే నేల మీద కూలబడ్డాడు.

"కర్రలోంచే ఏదో వస్తున్నట్టుంది. తీసేయాలి. తీస్తే తండ్రి పోతుంది, గుడ్లూ పోతాయి. తీయకపోతే అన్నీ పోతాయి."

వడ్రంగి పీటను వెనక్కి జరిపాడు.

"మీ అక్కను ఏమనకు. ఆ నూనె నాదే."

ఇద్దరూ ఆయన వంక చూశారు.

"అవిసె నూనె. అడుగు కోశాక పూశాను. రెండు పూతలు."

"ఎందుకు బావా?"

"ఎందుకేంట్రా. కోసిన కొసకు పూత లేకుండా నా కొట్లోంచి ఏదన్నా బయటికి పోయిందా ఎప్పుడన్నా? పూయకపోతే నీళ్లు తాగుతుంది, పగులుతుంది. చెయ్యి పూసేసింది. నాకు మాటమాత్రం చెప్పలేదు."

"నెలరోజులు నీళ్లు తాగించి తెచ్చిన కర్ర అండీ అది," అంది భార్య.

"అదే చెబుతున్నా."

బావమరిది తల పట్టుకున్నాడు. నవ్వాడో ఏడ్చాడో వడ్రంగికి తెలియలేదు. ఆయన లేచి తొట్టి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు.

"ఒక మాట విను. కర్ర నిండా నీళ్లే ఉన్నాయి కాబట్టి నూనె లోపలికి దిగి ఉండదు. పలకరాయి మూసేయడంతో గాలి ఆడక ఆరనూ లేదు. పైపైనే ఉండి, ఇన్నాళ్లకు సందులోంచి ఊరుతోంది. గోరుమందం చెక్కేస్తే పోతుంది. గుడ్లున్నది పై కొసన. పాడైంది కింది కొస. పై కొసను నీళ్లలోనే ఉంచి కింది కొసను బయటికి లేపగలవా?"

బావమరిది తొట్టిని పైనుంచి కిందికి కళ్లతో కొలిచాడు. "పడుకోబెట్టాలి. పడుకోబెట్టి, నీళ్లు సగానికి తోడి, అప్పుడు లేపాలి. మెల్లగా."

"ఎంత మెల్లగా అయితే అంత."

వడ్రంగి కొట్టుకు వెళ్లి ఉలి, మరతిప్పు తెచ్చాడు. వెళ్లినవాడు పావుగంట సానరాయి మీద ఉలి నూరుతూనే ఉన్నాడు. రంపం తేలేదు. రంపం కర్రను అదురుస్తుంది.

ఎనిమిదీ ఇరవైకి మొదలుపెట్టారు. బావమరిది రెండు చేతులూ నీళ్లలో పెట్టి, కర్రను పక్కకు వాల్చడానికి పన్నెండు నిమిషాలు తీసుకున్నాడు. గొట్టంతో నీళ్లు తోడాడు. జానెడు మిగిలాక పలకరాయి ఉన్న కొసను పైకి లేపి రెండు చేతులతో పట్టుకున్నాడు. తొర్ర నీళ్లలోనే ఉంది. వడ్రంగి మరలు విప్పాడు. పలకరాయి ఊడి రాగానే వాసన గదంతా కమ్మింది.

ఆ కుదుపుకు మగచేప తొర్రలోంచి బయటికొచ్చింది.

బెత్తెడు దూరం పోయి ఇసుక మీద ఆగింది. ముగ్గురూ ఎక్కడివాళ్లక్కడ ఉండిపోయారు. గోడ గడియారం ప్రకారం నాలుగు నిమిషాలు. చేప వెనక్కి తిరిగి తొర్రలోకి దూరింది. రెక్కలు కదిలాయి.

"కానివ్వు బావా," అన్నాడు బావమరిది.

భార్య కర్ర కొస కింద తడిగుడ్డ పరిచిన పళ్లెం పట్టింది. వడ్రంగి సుత్తి వాడకుండా, అరచేత్తో నెడుతూ ఉలి నడిపాడు. నానిన కర్ర తెగింది. ఒక్కో చెక్కు పళ్లెంలో పడుతోంది. ప్రతి నాలుగు చెక్కులకూ ఆయన కొసను వాసన చూశాడు. ఉలి ఆడుతున్న చోటికి జానెడు కింద, అదే కర్రలో, తండ్రి చేప గుడ్ల మీద నీళ్లు విసురుతోంది. ఒక చెక్కుకూ ఇంకో చెక్కుకూ మధ్య ఆయన దాని వంకే చూశాడు. ఒకసారి చూస్తూ ఉండిపోతే భార్య మోచేత్తో తట్టాల్సి వచ్చింది.

"అది ఆపట్లేదు," అన్నాడు.

"మీరూ ఆపకండి."

తొమ్మిదీ ఐదుకు కొసలో నూనె వాసన పోయింది. చివరి చెక్కును ఆయన భార్య ముక్కుకు కూడా అందించి అడిగాడు. తడి మట్టి వాసన, అంతేనంది. పలకరాయిని అవతల పడేశారు. ఆదివారం నీళ్లు మార్చే రోజు కాబట్టి బకెట్లలో నీళ్లు ముందురోజే పట్టి ఉన్నాయి. వాటిని ఒక గిన్నెతో గాజు వారగా పోస్తూ తొట్టి నింపి, కర్రను మూలకు ఆనించారు. రాయి లేకపోయినా అది లేవలేదు. పదకొండింటికి చిన్న చేపలు కిందికి దిగాయి. సాయంత్రం దాకా చూసినా మళ్లీ నూనె కట్టలేదు.

సోమవారం ఎనిమిది గుడ్లు తెల్లబడ్డాయి. తండ్రి చేప వాటిని ఒక్కొక్కటే నోటితో తీసి తొర్ర బయట పడేసింది. మంగళవారం గుడ్లలో నల్లటి చుక్కలు కనిపించాయి. కళ్లని బావమరిది చెప్పాడు. వడ్రంగి ఆ రోజు కొట్టు తెరవలేదు. బుధవారం మధ్యాహ్నం ఒక గుడ్డులోంచి తోక బయటపడి కొట్టుకుంది. ఆయన భార్యను పిలవబోయి, గొంతు చేపకు వినిపిస్తుందేమోనని లేచి వంటింటి దాకా నడిచి వెళ్లి చెప్పాడు.

గురువారం సాయంత్రం నాలుగూ నలభైకి తొర్రలో గుడ్లు లేవు. లోపలి గోడకు నోళ్లు ఆనించి, పొట్టకింద పసుపుపచ్చ సంచులతో, పిల్లలు వేలాడుతున్నాయి. ముగ్గురూ విడివిడిగా టార్చి వేసి లెక్కపెట్టారు. ముగ్గురికీ ముప్పై ఒకటి వచ్చింది.